వారంటీ గడువు దాటాక వస్తువు చెడిపోతే

(వినియోగదారుల చట్టంపై జరిగిన అవగాహన సభలో చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ఫ్రిజ్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశారు. వాళ్ళు మొట్టమొదట అడిగేది ఏమిటి? "ఎప్పుడు కొన్నారండీ?" మనం తేదీ చెబుతాం. అవతల కీబోర్డు టకటకమంటుంది. "సార్, మీ ప్రొడక్ట్ అవుట్ ఆఫ్ వారంటీ." అంతే. ఆ మాట వినగానే మనం ఏమంటాం? "అయ్యో, అవునా, అయితే ఎంతవుతుందండీ?" అంటాం. చూశారా, వాళ్ళు మనతో వాదించనే లేదు. మనమే ఒప్పేసుకున్నాం. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒప్పేసుకోవడం గురించే.

వారంటీ కార్డు ఎవరు రాశారు? కంపెనీ రాసింది. ఏది కవర్ అవుతుంది, ఏది కాదు, ఎన్నాళ్ళు, అన్నీ వాళ్ళే రాసుకున్నారు. మనల్ని అడిగారా? లేదు. అది వాళ్ళంతట వాళ్ళు ఇచ్చిన మాట. మంచిదే, ఆ మాట మీద వాళ్ళని నిలబెట్టొచ్చు. కానీ వాళ్ళు మాట ఇచ్చినా ఇవ్వకపోయినా చట్టం వాళ్ళ మీద పెట్టిన బాధ్యత ఒకటుంది. ఆ బాధ్యత గురించి కార్డులో ఎక్కడా ఉండదు. ఎందుకు రాస్తారు?

ఇది కొత్త సంగతేమీ కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 16వ సెక్షన్. ఫలానా పనికి కావాలని చెప్పి, ఆ వస్తువులు అమ్మే వ్యాపారి దగ్గర, అతని నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలి. అమ్మకానికి తగిన నాణ్యత ఉండాలి. కాగితం మీద రాయకపోయినా ఈ షరతు ఉన్నట్టే. అదే సెక్షన్‌లో నాలుగో ఉపసెక్షన్ ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. రాతపూర్వకంగా ఇచ్చిన వారంటీ ఉన్నంత మాత్రాన చట్టం పెట్టిన షరతు రద్దయిపోదు, ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైతే తప్ప. అంటే "ఏడాది వారంటీ ఇచ్చాం కదా, ఇక మా పని అయిపోయింది" అనే వాదన అంత తేలిగ్గా నిలబడదు.

ముందు వరసలో ఉన్న లాయరు గారు నవ్వుతున్నారు. మీరు ఏం అడగబోతున్నారో నాకు తెలుసండీ. అదే చట్టంలో 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకుని ఇలాంటి షరతులు తీసేసుకోవచ్చు కదా, అని. నిజమే. అందుకే కొన్ని కార్డుల్లో కనపడీ కనపడని అక్షరాల్లో "ఇది తప్ప మరే హామీ లేదు" అని ఉంటుంది. కానీ మనం వెళ్ళేది సివిల్ కోర్టుకి కాదు కదా. మనం వెళ్ళేది వినియోగదారుల కమిషన్‌కి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద. అది 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలో 'లోపం' అంటే ఏమిటో విడిగా చెప్పారు. నాణ్యతలో, పరిమాణంలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా లోపమే. ఆ ప్రమాణం ఎక్కడి నుంచి రావచ్చు? ఏదైనా చట్టం నుంచి రావచ్చు, ఒప్పందం నుంచి రావచ్చు, ఆ ఒప్పందం రాసింది కావచ్చు, రాయకుండా ఉన్నదీ కావచ్చు. ఇంకా, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న గొప్ప కూడా లెక్కలోకి వస్తుంది. ఏ రూపంలోనైనా అంటే ప్రకటన, బ్రోచర్, డబ్బా మీద అతికించిన స్టిక్కర్. "ఏళ్ళ తరబడి మన్నిక" అని ప్రకటనలో చెప్పి పదిహేనో నెలలో చేతులెత్తేస్తే, ఆ ప్రకటన మన చేతిలో సాక్ష్యం. ఈ నిర్వచనం మొత్తం చదవండి, వారంటీ గడువు లోపల బయటపడితేనే లోపం అని ఎక్కడా లేదు.

ఆగండి, ఆగండి. ఇక్కడితో లేచి వెళ్ళిపోతే మీకు సగం మాటే తెలిసినట్టు. వారంటీ దాటాక చెడిపోయిన ప్రతి వస్తువుకీ కంపెనీ బాధ్యత వహించదు. వహించాలని అడగడమూ న్యాయం కాదు. తొమ్మిదేళ్ళు రోజూ రెండు పూటలా తిరిగిన మిక్సీ మోటారు కాలిపోతే దాని ఆయుష్షు తీరింది, అంతే. ఫ్రిజ్ తలుపు రబ్బరు, వాషింగ్ మెషిన్ బెల్టు, వాటర్ ఫిల్టర్ కాండిల్ ఇవన్నీ అరిగేవి, మార్చుకోవలసినవి. మన వాడకం వల్ల అరిగింది వేరు, తయారయ్యేటప్పుడే వస్తువులో ఉండిపోయిన లోపం వేరు. కేసు మొత్తం ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. రెండోదని చూపించాల్సిన బరువు మామూలుగా మన మీదే ఉంటుంది. వారంటీ లోపలైతే ఈ బాధ లేదు, చెడిపోయిందంటే చాలు. గడువు దాటాక, ఎందుకు చెడిపోయిందో కూడా చెప్పాలి. నిజానికి వారంటీ అయిపోయాక మనం పోగొట్టుకునేది ఈ సౌకర్యాన్ని. హక్కు అక్కడే ఉంటుంది, దాన్ని నిరూపించడం కష్టమవుతుంది.

మరి ఎన్నాళ్ళు మన్నాలి? ఫ్రిజ్‌కి ఇన్నేళ్ళు, టీవీకి ఇన్నేళ్ళు అని మన చట్టంలో అంకె ఉందా? లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అమ్మినవాడికి కనీసం రెండేళ్ళ బాధ్యత చట్టమే పెట్టింది. కంపెనీ కార్డులో ఆరు నెలలే అని రాసుకున్నా చెల్లదు. పైగా మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నదే అని అనుకుంటారు, కాదని నిరూపించే పని అమ్మినవాడిది. ఆస్ట్రేలియాలో అంకె లేదు గానీ, ఆ ధరకి, ఆ రకం వస్తువు సహేతుకంగా ఎంతకాలం పనిచేయాలో అంతకాలం పనిచేయాలని సూటిగా రాసి ఉంది. మన దగ్గర ఈ రెండూ లేవు. ఇది మన చట్టంలో పెద్ద కొరత అని నా అభిప్రాయం. అరిగిపోయిందా, లోపమా అన్నది ప్రతిసారీ మొదటి నుంచి వాదించుకోవలసి వస్తోంది. పదివేల రూపాయల వస్తువు కోసం ఎంతమంది వాదిస్తారు? కంపెనీకీ ఆ సంగతి తెలుసు.

సరే, ఉన్న చట్టంతో ఏం చేయగలమో చూద్దాం.

అన్నిటికన్నా గట్టి కేసు ఏదో తెలుసా? వారంటీలో ఉండగానే మొదలైన సమస్య. ఏసీ ఎనిమిదో నెలలో చల్లదనం తగ్గింది. టెక్నీషియన్ వచ్చి గ్యాస్ నింపాడు. మళ్ళీ పదకొండో నెలలో తగ్గింది, మళ్ళీ నింపాడు. పద్నాలుగో నెలలో మళ్ళీ అదే. ఇప్పుడు ఫోన్ చేస్తే "అవుట్ ఆఫ్ వారంటీ". కాదండీ! గ్యాస్ ఊరికే ఖర్చయిపోయేది కాదు, అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు ఎక్కడో పట్టుకోకుండా గ్యాస్ నింపి పోయారంటే రిపేరు చేయలేదన్నమాట. వారంటీలో చెప్పిన ఫిర్యాదు తీరలేదు, అదే ఇంకా నడుస్తోంది. దీనికి ఏం కావాలి? ఆ మొదటి రెండు ఫిర్యాదుల నంబర్లు. మీలో ఎంతమంది ఆ మెసేజీలు దాచుకుంటారు? చేతులెత్తండి. ఊఁ. నేను అనుకున్నదానికన్నా తక్కువే.

అందుకే చెబుతున్నాను. గడువు ముగియడానికి నెల ముందు ప్రతి వస్తువునీ ఒకసారి శ్రద్ధగా చూసుకోండి. చిన్న శబ్దం వస్తోందా, తుప్పు మరక కనపడుతోందా, అప్పుడప్పుడు తనంతట తానే ఆగిపోతోందా? "పోనీలే, నడుస్తోంది కదా" అనుకోవద్దు. ఫిర్యాదు రాయించండి, నంబరు తీసుకోండి. ఆ ఒక్క నంబరు తర్వాత ఎంత పని చేస్తుందో చెప్పలేను.

రెండో రకం, ఏ సూచనా లేకుండా గడువు దాటాక ఒక్కసారిగా పోయేవి. ఏడాది వారంటీ, పద్నాలుగో నెలలో టీవీ తెర మీద గీతలు. లేదా వాషింగ్ మెషిన్ బోర్డు పోయింది. పీసీబీ అంటారే, అది. ఇక్కడ లోపం అని ఎలా చూపిస్తాం? అక్కడే జాబ్ షీట్ పనికొస్తుంది. టెక్నీషియన్ వచ్చి వెళ్ళేటప్పుడు ఇచ్చే కాగితం. ఇప్పుడు ఫోన్‌కే వస్తోంది. అందులో ఏం రాశాడు? "బోర్డు మార్చాలి, ధర ఇంత" అని రాసి ఊరుకుంటాడు. ఎందుకు పోయిందో రాయమని అడగండి. మర్యాదగా అడగండి, అతనితో మనకి గొడవ లేదు, పాపం అతనూ ఎండలో తిరిగి వచ్చినవాడే. నీళ్ళు దిగాయా? వోల్టేజ్ హెచ్చుతగ్గులా? ఎలుక కొరికిందా? ఇవేవీ కాదని అతను రాస్తే చాలు, మన కేసు సగం నిలబడినట్టు. రాయనంటే, అతని ముందే ఆ భాగాన్ని ఫొటోలు, వీడియో తీసుకోండి. పార్టు మార్చితే పాత పార్టు అడిగి తీసుకోండి. డబ్బు మీరు కట్టి మార్పించుకున్నప్పుడు పాతది మీది. అది పారేస్తే పరీక్షకి పంపడానికి ఏమీ మిగలదు.

ఇంకో జాగ్రత్త. కంపెనీతో పోట్లాడాలనుకుంటే ముందు బయటి మెకానిక్ చేత విప్పించకండి. నేను బయటి మెకానిక్‌లకి వ్యతిరేకం కాదు, చాలామంది కంపెనీ వాళ్ళకన్నా బాగా చేస్తారు. కానీ ఒకసారి విప్పాక "అతనే పాడుచేశాడు" అనడానికి కంపెనీకి దారి దొరుకుతుంది.

అదే మోడల్‌కి అదే సమస్య వేరేవాళ్ళకీ వచ్చిందా? వెతకండి. ఒక్క మీ ఇంట్లోనే పోతే మీ కరెంటు మీద నెపం వేస్తారు. ఊరూరా పోతుంటే ఆ నెపం నిలబడదు. ఒకే సమస్య ఉన్న చాలామంది వినియోగదారులు కలిసి కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయడానికి కూడా చట్టంలో వీలుంది.

ఇక మూడోది, మనం అసలు గమనించనిది. వారంటీ అయిపోయాక డబ్బు కట్టి రిపేరు చేయించుకున్నారు. వారం తిరగకుండా మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ విజిటింగ్ చార్జీ అడుగుతున్నారు. వస్తువు వారంటీ అయిపోతే అయిపోయింది, మీరు ఇప్పుడు కొన్నది సేవ. ఆ సేవ సరిగ్గా చేయకపోతే అది సేవాలోపం. దానికీ అదే కమిషన్, అదే చట్టం. తెలిసిన విషయం కావాలని దాచిపెట్టి నష్టం కలిగించడం కూడా సేవాలోపమే అని 2019 చట్టంలో స్పష్టంగా చేర్చారు. వార్షిక నిర్వహణ ఒప్పందం, ఏఎంసీ అంటాం కదా, అదీ ఇందులోకే వస్తుంది. డబ్బు తీసుకుని మూడు వారాలు మనిషిని పంపకపోతే ఊరుకోవలసిన పని లేదు.

నాలుగోది ప్రాణాలకి సంబంధించింది. గీజర్ పేలింది, ఫ్రిజ్ నుంచి మంటలు వచ్చి వంటిల్లు కాలింది, ఎవరికో దెబ్బ తగిలింది. ఇక్కడ వారంటీ ప్రశ్నే రాదు. దీనికి చట్టంలో ఆరో అధ్యాయం విడిగా ఉంది, ఉత్పత్తి బాధ్యత గురించి. తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లో లోపం ఉన్నా, ప్రమాదం గురించి సరైన హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారు నష్టపరిహారం ఇవ్వాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి. ఈ అధ్యాయం కింద ఆ చెడిపోయిన వస్తువు ధర రాదు. అది కలిగించిన మిగతా నష్టం, గాయం, వైద్యం, కాలిపోయిన సామాను, వీటికి వస్తుంది. వస్తువు ధర కావాలంటే లోపం అనే పద్దు కింద అడగాలి. ఒకే ఫిర్యాదులో రెండూ అడగొచ్చు. ఇంకోటి, మనం తప్పుగా వాడినా, మార్పులు చేయించినా ఈ బాధ్యత నుంచి వాళ్ళు తప్పించుకోవచ్చు.

ఇప్పుడు గడువు. ఇది రాసుకోండి. రెండేళ్ళు. 69వ సెక్షన్. ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు కమిషన్‌లో కేసు వేయాలి. కారణం ఎప్పుడు పుట్టింది? కొన్న రోజా, లోపం బయటపడిన రోజా? లోపలెక్కడో దాగి ఉన్న లోపమైతే బయటపడిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదిస్తాం. కొన్న రోజు నుంచే లెక్కించాలని అవతలివాళ్ళు వాదిస్తారు. ఆ వాదన జోలికే పోకుండా వీలైనంత ముందే వేయడం మేలు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, మన్నించకపోనూవచ్చు. చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే ఈమెయిళ్ళు రాస్తూ ఉంటారు. వాళ్ళు "మీ సమస్య పరిశీలనలో ఉంది" అని జవాబిస్తూ ఉంటారు. ఏడాది గడిచిపోతుంది. మీరు ఉత్తరాలు రాస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. ఆ మర్యాదకరమైన జవాబులు చూసి మోసపోకండి.

కేసు అనగానే టెన్షన్ పడతారు. కోర్టు, లాయరు, వాయిదాలు. కొంచెం వినండి. ముందు 1915 నంబరుకి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. పెద్ద కంపెనీలు ఇక్కడే దిగివచ్చే సందర్భాలు బాగా ఉన్నాయి. కాల్ సెంటర్‌లో కదలని మనిషి ఇక్కడి నుంచి వెళ్ళేసరికి కదులుతాడు. అక్కడా తేలకపోతే ఒక నోటీసు రాయండి. ఏం కొన్నారు, ఎప్పుడు, ఏమైంది, ఏం కావాలి, ఎన్ని రోజుల్లో. ఒక పేజీ చాలు, తిట్లు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

తర్వాత జిల్లా కమిషన్. వస్తువుకి మీరు కట్టిన ధర యాభై లక్షల దాకా అయితే జిల్లా కమిషనే. ఇంట్లో వాడే ఏ వస్తువైనా అందులోకే వస్తుంది. ఐదు లక్షల లోపు ధరకి ఫీజు లేదు. సున్నా. ఎక్కడ వేయాలి? పాత చట్టంలో కంపెనీ ఉన్న చోటికో, కారణం పుట్టిన చోటికో పోవలసి వచ్చేది. ఇప్పుడు మీరు ఉంటున్న జిల్లాలో, లేదా మీరు పనిచేస్తున్న జిల్లాలో వేయొచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. లాయరు ఉండాలన్న నిబంధన లేదు, మీరే మాట్లాడొచ్చు. వీడియోలో వినమని కూడా అడగొచ్చు. అమ్మిన డీలరునీ, తయారుచేసిన కంపెనీనీ, సర్వీస్ సెంటర్‌నీ ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి. లేకపోతే "అది నా బాధ్యత కాదు" అని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

అవతలివాళ్ళు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మహా అయితే ఇంకో పదిహేను రోజులు. అంతకుమించి ఇచ్చే అధికారం కమిషన్‌కి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష చేస్తే తప్ప లోపం తెలియదనుకుంటే కమిషన్ వస్తువుని ల్యాబ్‌కి పంపవచ్చు. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు, అది గుర్తుంచుకోండి. పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావలసిన కేసు ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. మీరు నవ్వుతున్నారు. నాకు తెలుసు, అన్ని చోట్లా అలా జరగదు. అయినా చేతిలో కాగితాలు సరిగ్గా ఉన్న కేసు త్వరగా కదులుతుంది.

ఏమి అడగొచ్చు? లోపం సరిచేయమని, లేదా వస్తువు మార్చి ఇవ్వమని, లేదా డబ్బు వాపసు ఇవ్వమని. పైన నష్టపరిహారం, ఖర్చులు. మూడేళ్ళు వాడిన ఫ్రిజ్‌కి పూర్తి ధర, ఐదు లక్షల మానసిక వేదన అని రాయకండి. వాడుకున్న కాలానికి తగ్గించి అడిగితే మీ మాటకి విలువ పెరుగుతుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ఒక్క మాట, ఎందుకంటే కొనేటప్పుడు కౌంటర్ దగ్గర ఊపిరాడనివ్వకుండా అంటగడతారు. కొనేముందు ఆ హామీ ఇచ్చేది ఎవరో చూడండి. తయారీ కంపెనీయా, షాపా, మధ్యలో మూడో సంస్థా? చాలాసార్లు మూడో సంస్థే. "కంప్రెసర్‌కి పదేళ్ళు" అనేదాన్నీ అలాగే జాగ్రత్తగా చూడాలి. కంప్రెసర్ ఉచితం కావచ్చు. గ్యాస్, కూలీ, రవాణా, విజిటింగ్ చార్జీ మీవి కావచ్చు. కార్డు వెనకవైపు చదివి కొనండి.

స్పేర్ పార్టులు దొరక్కపోవడం కూడా పెద్ద సమస్యే. "ఆ మోడల్ ఆపేశామండీ, కొత్తది కొనుక్కోండి." 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, వాహనాలతో పాటు గృహోపకరణాలూ అందులో ఉన్నాయి. కంపెనీలు తమ సర్వీస్, విడిభాగాల వివరాలు అక్కడ పెడుతున్నాయి. ఇది సమాచారం ఇచ్చే చోటే. ఇన్నేళ్ళు విడిభాగాలు ఇచ్చి తీరాలని గృహోపకరణాలన్నిటికీ కలిపి కట్టడి చేసే చట్టం మనకింకా రాలేదు. రావాలి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా. బిల్లు పోయిందా? ఫరవాలేదు. కార్డు మీద కొన్నారా, ఫోన్‌తో కట్టారా? బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. వస్తువు వెనక సీరియల్ నంబరు ఉంటుంది, దానితో అమ్మిన షాపులో వెతికించండి, కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసి ఉంటే అక్కడా తేదీ ఉంటుంది. అసలు బిల్లే ఇవ్వలేదంటారా? బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని ఈ చట్టమే చెబుతోంది, దాన్నీ ఫిర్యాదులో రాయండి.

మీరు, ఆ చివర. టిఫిన్ సెంటర్‌లో వాడే ఫ్రిజ్‌కి వర్తిస్తుందా అంటున్నారు. వ్యాపారం కోసం కొన్నవాళ్ళు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. కానీ బతుకుతెరువు కోసం సొంతంగా పనిచేసుకునేవాళ్ళు దానికే కొని వాడుకుంటే వినియోగదారులే. మీరే నడుపుకుంటున్నారు కదా? అయితే ఫిర్యాదులో ఆ వాక్యం తప్పకుండా రాయండి. స్వయం ఉపాధి కోసం, జీవనోపాధి కోసం కొన్నానని. అది రాయకపోతే అవతలి లాయరు మొదటి అభ్యంతరమే దాని మీద పెడతాడు.